పప్పీ కరుస్తోందా? ముందు గడియారం చూడండి

"అక్కా, తొమ్మిది వారాల పప్పీని తెచ్చుకున్నాం. నాలుగు రోజులు ముద్దుగానే ఉంది. ఇప్పుడు చెయ్యి కనిపిస్తే చెయ్యి, కాలు కనిపిస్తే కాలు. మా ఐదేళ్ల పాప సోఫా దిగడం లేదు. మా ఆవిడ వెనక్కి ఇచ్చేద్దామంటోంది. ఇది పుట్టుకతోనే కరిచే రకమా?"

ఈ దేశానికి వచ్చి ఏడాది కూడా కాని ఒక తమ్ముడు మొన్న అడిగిన ప్రశ్న ఇది. ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఇల్లు కాస్త కుదుటపడగానే పిల్లల పోరు పడలేక పప్పీని తెస్తాం. మనలో చాలామందికి కుక్కను ఇంట్లో పెంచిన అలవాటు లేదు. కుక్క పన్ను తగిలిందంటే చాలు, చిన్నప్పుడు విన్న బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లే గుర్తొస్తాయి. పైగా దేశం కాని దేశంలో, కాసేపు దాన్ని చూసుకోవడానికి ఇంట్లో ఇంకో పెద్ద మనిషి ఉండరు.

తమ్ముడూ, అది కరిచే రకం కాదు. దానికి నోరే చెయ్యి. తోబుట్టువులతో ఉన్నప్పుడూ అది ఇలాగే కొరికేది. గట్టిగా కొరికితే రెండోది కుయ్యోమని ఆట మానేసేది. ఎంత నొక్కితే ఆట సాగుతుంది, ఎంత నొక్కితే ఆగిపోతుంది అన్న లెక్క కుక్కపిల్ల నేర్చుకునేది అక్కడే. ఎనిమిది వారాలు నిండకుండా తల్లి దగ్గర్నుంచి తీసుకురాకూడదనేది అందుకే. ఆ చదువు సగంలో ఉండగా మన ఇంటికొస్తుంది. మిగతా సగం మనమే చెప్పాలి.

దాని నోట్లో ఇప్పుడున్నవి 28 పాలపళ్లు, సూదుల్లా ఉంటాయి. నాలుగో నెల అటూ ఇటూగా ఊడటం మొదలై, ఆరేడు నెలలకల్లా 42 పెద్ద పళ్లు వస్తాయి. చిగుళ్లు సలిపే ఆ రోజుల్లో కొరుకుడు ఇంకా ఎక్కువవచ్చు. బొమ్మకు కాస్త రక్తం అంటినా, ఊడిన పన్ను మింగేసినా కంగారు పడక్కర్లేదు.

మా పప్పీ విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను. ఒక ట్రైనర్ మాట విని, కరిచినప్పుడల్లా మూతి గట్టిగా పట్టుకున్నాను, వెల్లకిలా తిప్పి అదిమాను. వారం తిరిగేసరికి కరవడం ఆగలేదు సరికదా, మెడపట్టీ వేయడానికి చెయ్యి చాపినా తల వంచి గుర్రుమనడం నేర్చుకుంది. ఆ భయం పోగొట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది. కీచుమని అరవమని ఇంకొకరు చెప్పారు. కొన్ని పిల్లలు ఆ అరుపుకి ఆగుతాయి. మాది మాత్రం నన్ను కొత్తరకం కీచుబొమ్మ అనుకుంది.

చివరికి దారి చూపించింది ఫ్రిజ్ మీద అంటించిన కాగితం. ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు కరిచింది అని వారం పాటు టైములు రాశాను. చూస్తే ఘోరమైన కాట్లన్నీ అది గంటన్నర దాటి మెలకువగా ఉన్నప్పుడే, అందులోనూ సాయంత్రాలే. ఈ వయసు పిల్లలు రోజుకి 18 నుంచి 20 గంటలు నిద్రపోతాయి. మనం ఆఫీసు పని ముగించి "పాపం, పొద్దుటినుంచి ఆడించలేదు" అని మొదలుపెట్టే వేళకి అది నిద్ర చాలని పసిపిల్ల. ఆడిస్తే ఇంకా రేగుతుంది. గంట మెలకువ, ఆ తర్వాత ఒంటికి తీసుకెళ్లి, చిన్న కంచెలోనో క్రేట్‌లోనో (కుక్క పడుకునే పెట్టె) వెలుతురు తగ్గించి పడుకోబెట్టు. రెండు గంటలు పడుకోనీ. మా ఇంట్లో సగం కాట్లు దీంతోనే పోయాయి.

మిగతా సగానికి ఓపిక కావాలి. పన్ను పడగానే చెయ్యి లాక్కోకు. లాగితే చర్మం చీరుతుంది, దానికేమో వేట దొరుకుతుంది. చెయ్యి కదలకుండా ఉంచి, రెండో చేత్తో బొమ్మ అందించు. బొమ్మ వదిలి మళ్లీ నీ మీదికే వస్తే మాట్లాడకుండా లేచి గేటు అవతలికి వెళ్లిపో. ఇరవై, ముప్పై సెకన్లు చాలు. అంతకు మించితే ఎందుకు వెళ్లావో మర్చిపోతుంది. తిరిగొచ్చి మామూలుగా ఆడు. ఇంట్లో అందరూ ఇలాగే చేయాలి. నువ్వు లేచి వెళ్తుంటే మీ ఆవిడ కేకలేసిందనుకో, దానికి ఏ లెక్కా అందదు. మొదట గట్టి కాట్లకే ఆట ఆపు, తర్వాత మెత్తటివాటికీ ఆపు.

పాప సంగతి వేరు. పరిగెత్తి కేకలేస్తే పప్పీకి అంతకంటే మంచి ఆట లేదు. చేతులు కట్టుకుని చెట్టులా నిలబడటం ఆటగా నేర్పించు. పాప చేతికి పొడవాటి తాడుబొమ్మ ఇస్తే పళ్లు వేళ్లకి దూరంగా ఉంటాయి. మీరు పక్కన లేకుండా ఇద్దరినీ ఒక్క నిమిషం కూడా వదలొద్దు. దీంట్లో మొహమాటం లేదు.

చిగుళ్లకి తడిగుడ్డ మెలిపెట్టి ఫ్రీజర్‌లో ఉంచి, నువ్వు చూస్తుండగా నమలనివ్వు. బొటనవేలి గోరు నొక్కితే గుంటపడనంత గట్టి వస్తువు ఇవ్వకు, పళ్లు విరుగుతాయి.

ఒళ్లు బిగదీసుకుని, చూపు నిలిపి, గిన్నె దగ్గరికి వస్తే గుర్రుమంటుంటే మాత్రం అది ఆట కాదు. వెటర్నరీ డాక్టర్‌కి చూపించు. ఎవరికైనా చర్మం తెగితే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. రేబిస్ టీకా సాధారణంగా 12 వారాలు నిండాకే వేస్తారు, అంటే మీ కుక్కపిల్లకి ఇంకా పడి ఉండదు. ఆ మాట డాక్టర్‌కి చెప్పండి. ఇప్పుడు బొడ్డు చుట్టూ పొడవరు, భయపడొద్దు.

ఇక వెనక్కి ఇచ్చే మాట. ఆ నిర్ణయం సాయంత్రం పూట, కాలికి పళ్లు దిగి ఉండగా తీసుకోకండి. ఈ రాత్రే కాగితం అంటించు. వారం తర్వాత దాని ఫొటో పంపు, మీ ఆవిడతో కలిసి ముగ్గురం కూర్చుని చూద్దాం.