పండ్లు లేని మంత్రగత్తె

బిడ్డా,

మేడమ్ అనకు, పెద్దమ్మ అను. నీ నవలిక రెండుసార్లు చదివాను. మొదటిసారి పన్నెండో పేజీలో కోపమొచ్చి మూసేశాను. నల్లమల అంచు ఊరు అంటావు, మే నెల అంటావు, మంత్రగత్తెకేమో మడమల దాకా నల్ల ఉన్ని అంగీ తొడిగావు. పాలమూరు ఎండకు ఆమె మంత్రం వేయకముందే సొమ్మసిల్లి పడుతుంది.

మనకు ఆ అంగీ ఎందుకు? బాణామతి లేదా? పైగా మన దగ్గర మంత్రగత్తెను ఊరే తయారుచేస్తుంది. దూడ చచ్చినా, పిల్లకు జ్వరం తగ్గకున్నా అందరి చూపూ ఒంటరి ఆడమనిషి మీదికే పోతుంది. మంత్రం పలకకూడదని పండ్లు రాలగొట్టేవాళ్లు.

నా చిన్నప్పుడు దేవరకొండ అంగడికి అట్లాంటి ముసలామె సీతాఫలాలు తెచ్చేది. పండ్లు లేని మనిషి పండ్లు అమ్ముతుందని నవ్వేవాళ్లం. ‘సీతాఫలం’ అనబోతే మొదటి అక్షరం దగ్గరే గాలి పోయేది. ఒకసారి కొసరు కాయ నా చేతిలో పెడితే మా అమ్మ గుంజుకుని మోరీలో పడేసింది. నేను ఆ ముసలామె ముఖం చూడలేదు. కాయనే చూశాను, బాగా మాగింది, పడగానే పగిలింది.

ఆమె మీద రాసిన నా మొదటి కథలో ఒక సంపాదకుడు ‘పండ్లు’ కొట్టేసి ‘దంతాలు’ అని దిద్దాడు. పైగా మాండలికం తగ్గించమని ఒక కార్డు ముక్క! ఇప్పటికీ ఆ పత్రిక పేరు వింటే నాకు బీపీ.

నీ మంత్రగత్తెకూ పండ్లు తీసెయ్. సగమే పలికిన మంత్రం పోయి ఎవరికి తగులుతుందో అప్పుడు రాయి.

ఆ ఇద్దరమ్మాయిల ప్రేమకు నాలుగు పేజీలు వకాల్తా పుచ్చుకున్నావు. స్వలింగ సంబంధాన్ని నేరమన్న సెక్షన్ 377 సంగతి సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది, నువ్వు మళ్లీ వాదించనక్కర్లేదు. తెలిసిన రోజు వాళ్లమ్మ ఏమన్నదో రాస్తే చాలు.

రెండోసారి చదివింది హిజ్రా గురువు ఇంటి కోసం. జొన్నరొట్టెల కాడ పిల్లలు కొట్లాడుతుంటే, మాడిన రొట్టెను ఆమె మాట్లాడకుండా తన తలెలో వేసుకుంటుంది చూడు, కన్నవాళ్లు వెళ్లగొట్టిన ఆ ముగ్గురికీ అది ఇల్లేనని అక్కడ నమ్మాను. మా ఇంట్లో అద్దెకున్న డిగ్రీ పిల్లకు చదవమనిచ్చాను. ఆ పేజీ కాడ ఫోన్ పక్కన పెట్టింది.

మంత్రగత్తెను తిరగరాసి పంపు, వేసుకొమ్మని పత్రికకు నేనే చెప్తాను. మార్జిన్‌లో పెన్సిల్ గీతలున్నాయి. రొట్టెల పేజీ మాత్రం ముట్టకు.

పెద్దమ్మ,
నల్లగొండ