ఎడమ తొడ వెనక పట్టేసింది, స్టేట్ టీమ్‌లో ఉంటానా?

తమ్ముడూ, నువ్వు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఉండేది గాజువాక వైపు, ఇంటర్ సెకండియర్. జూనియర్ స్టేట్ హాకీ క్యాంప్‌లో ఫార్వర్డ్‌వి, పెనాల్టీ కార్నర్‌కి బ్యాక్‌లైన్ నుంచి బంతి తోసేదీ నువ్వే. ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఎడమ తొడ వెనక హామ్‌స్ట్రింగ్ పట్టేసింది, డాక్టర్ గారు గ్రేడ్ టూ, అంటే మధ్యరకం గాయం అన్నారు. నేషనల్స్ ఐదు వారాల్లో, ఫైనల్ లిస్ట్ మూడు వారాల్లో. టీమ్‌లో ఉంటానా, కోచ్‌కి చెప్పాలా, లేక నోరు మూసుకుని ట్రయల్ ఆడెయ్యాలా, పేరు పోతే సర్టిఫికెట్ సంగతేంటి అని అడిగావు.

సూటిగా చెప్పేస్తా. ఈ లిస్టులో నీ పేరు ఉండటం కష్టం. గ్రేడ్ వన్ అయ్యుంటే ధైర్యంగా ఉండమనేవాణ్ణి. అయితే ఈ లిస్టులో పేరు లేకపోవడం వేరు, కోచ్ లెక్కలోంచే నువ్వు పోవడం వేరు. రెండోది చాలావరకు నీ చేతిలో ఉంది, దాని గురించే ఎక్కువ రాస్తా.

నేనూ వైజాగ్ వాణ్ణే, జిల్లాకీ స్టేట్‌కీ ఫార్వర్డ్‌గా ఆడాను, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ పొద్దున్నపూట పిల్లలకి ఫిట్‌నెస్ చేయిస్తుంటాను. నాకూ క్యాంప్‌లోనే పోయింది, ఇదే కండరం. డాక్టర్‌ని కాదు కాబట్టి వైద్యం ఏమిటన్నది మీ డాక్టర్ గారినే అడుగు, నేను చెప్పేది గ్రౌండ్ వైపు నుంచి.

గ్రేడ్ టూ అంటే కండరంలో కొన్ని పోగులు తెగాయన్నమాట. గ్రేడ్ వన్ వాళ్ళు ఒకటి నుంచి మూడు వారాల్లో తిరిగొస్తారు, గ్రేడ్ టూకి మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు, త్రీ అయితే నెలల మాట. నేషనల్స్‌కి ఐదు వారాలుంది కదా సరిపోతుందిలే అనుకుంటున్నావేమో, కానీ సెలెక్టర్లు నిన్ను చూసేది మూడో వారంలో. అప్పటికి నడుస్తావు, జాగింగ్ చేస్తావు, బస్సు వెనక పరిగెత్తి ఎక్కేస్తావు, దెబ్బ తగిలిందన్న సంగతే మర్చిపోతావు. ఫుల్ స్ప్రింట్ మాత్రం కొట్టలేవు. బాగైపోయిందని నమ్మించి మళ్ళీ అక్కడే తెగడం ఈ కండరానికి అలవాటు, రెండోసారి తెగితే మొదటిసారి కంటే ఎక్కువ రోజులు కూర్చోపెడుతుంది.

హాకీలో ఇంకో చిక్కు ఉంది, ఫుట్‌బాల్ ఆడే ఫ్రెండ్స్ చెప్పే లెక్కలు మనకి సరిగ్గా అతకనిది అందుకే. మనం నడుం వంచి పరిగెత్తుతాం. నడుం వంగితే తొడ వెనక కండరం అప్పటికే సాగి ఉంటుంది, ఆ సాగిన కండరంతోనే మళ్ళీ వేగం అందుకోవాలి. నిటారుగా పరిగెత్తినప్పుడు కిక్కురుమనని కాలు, స్టిక్ నేలకి ఆనించి బంతి తోసుకుంటూ వెళ్ళేసరికి చురుక్కుమంటుంది. ఇక నీ పెనాల్టీ కార్నర్ పని సరేసరి. ఒక కాలు గీత బయట ఉంచి, ఎడమ కాలు బారెడు ముందుకి వేసి, ఒళ్ళంతా దాని మీదకి వంచి తోస్తావు కదా. సరిగ్గా ఆ కాలే, సరిగ్గా ఆ భంగిమే. కాబట్టి పరుగు తగ్గించి కార్నర్లకి మాత్రం వాడుకోమని కోచ్‌ని అడుగుదామనుకుంటే, ఆ ఆలోచన మానెయ్. అన్నిటికంటే ఆఖరున మొదలుపెట్టాల్సిన పని అది.

మా క్యాంప్‌లో ఒకడు ఇంకో వాదన చేసేవాడు. రోలింగ్ సబ్స్ ఉన్నాయి, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఫార్వర్డ్ ఎలాగూ నాలుగైదు నిమిషాలకోసారి బయటికి వస్తాడు, అంతమాత్రం ఆడలేనా అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఫార్వర్డ్‌ని అంత తొందరగా ఎందుకు మారుస్తారు? ఆ నాలుగైదు నిమిషాలూ ఒక్క పరుగు కూడా తగ్గకుండా ఆడాలని. పదిహేనేసి నిమిషాల నాలుగు క్వార్టర్లూ అవతలి డిఫెండర్ బంతి తీసుకున్నప్పుడల్లా మీద పడేది మనమే. వాడు క్రేప్ బ్యాండేజ్ బిగించి, ట్రాక్ ప్యాంట్ కింద దాచి ట్రయల్ ఆడాడు, సెలెక్ట్ కూడా అయ్యాడు. టోర్నమెంట్ మొదట్లోనే ఒక మ్యాచ్‌లో వదులు బంతి కోసం వంగుతూ పరిగెత్తి కూలబడ్డాడు. మధ్యలో వైజాగ్ నుంచి ఇంకొకణ్ణి రప్పించే పరిస్థితి లేదు, మిగిలిన ఫార్వర్డ్లు ఒకరు తక్కువతోనే అన్ని మ్యాచ్‌లూ లాగించారు. టీమ్‌లో వాణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. తర్వాతి క్యాంప్‌కి మాత్రం కబురు రాలేదు.

కోచ్ ఏం ఆలోచిస్తాడో కూడా చూడు. లిస్టులో పద్దెనిమిది మంది. ఇద్దరు గోల్‌కీపర్లు పోతే పదహారు, అందులో ఫార్వర్డ్లు మహా అయితే ఐదారుగురు. లీగ్ మ్యాచ్‌ల మధ్య విశ్రాంతి పెద్దగా దొరకదు. ఐదుగురిలో ఒకరి కాలు అనుమానం అంటే మిగతా నలుగురి కాళ్ళు కూడా అనుమానంలో పడతాయి. నీకంటే ఆట కొంచెం తక్కువైనా రోజూ పరిగెత్తగలిగే కుర్రాణ్ణే తీసుకుంటాడు. అది నీ మీద కక్ష అనుకోకు. నాకు దెబ్బ తగిలినప్పుడు నా బదులు వెళ్ళినవాడి ట్రాపింగ్ (బంతి ఆపడం) చూస్తే నవ్వొచ్చేది, అయినా ఆ రోజు ఆ నిర్ణయం సరైనదే అని ఇప్పటికీ అంటాను.

అందుకని కోచ్‌కి ఇవాళే చెప్పు. చెప్పేటప్పుడు "కొంచెం నొప్పిగా ఉంది సార్" అని నసగొద్దు, ఆ మాట రోజుకి పదిమంది అంటారు. రిపోర్ట్ ఫొటో పంపి, ఏ తేదీకి జాగింగ్, ఏ తేదీకి స్ప్రింట్, ఏ తేదీకి టీమ్‌తో ఫుల్ ప్రాక్టీస్ అని ఫిజియో చెప్పారో రాసి పంపు. తేదీ జరిగితే అది కూడా నువ్వే ముందు చెప్పు. కోచ్‌కి నచ్చనిది దెబ్బ కాదు, ఎప్పుడొస్తాడో తెలియకపోవడం. ఆ తర్వాత క్యాంప్‌కి వెళ్ళడం మానకు. నేను పరుగు లేని పనులన్నీ అడిగి చేశాను. డీ (గోల్ ముందుండే అర్ధవృత్తం) దగ్గర నిలబడి డిఫ్లెక్షన్లు (వచ్చే బంతిని గోల్ వైపు మళ్ళించడం), కార్నర్ బంతి ఆపడం, గోల్‌కీపర్లకి బంతులు కొట్టడం, వాళ్ళ కిట్లు మోయడం కూడా. చిరాగ్గానే ఉండేది, అందరూ పరిగెత్తుతుంటే మనం కోన్‌లా నిలబడాలి. కానీ కోచ్ కళ్ళ ముందు ఉన్నాను. లిస్ట్ చదివాక పక్కకి పిలిచి, "ఈసారికి స్టాండ్‌బై, వచ్చే క్యాంప్‌కి కబురు రాకపోయినా వచ్చెయ్" అన్నారు. వెళ్ళాను, తీసుకున్నారు.

స్టాండ్‌బై అంటే అవమానం అనుకునేవాళ్ళకి టోక్యో ఒలింపిక్స్ గుర్తుచెయ్యాలి. మన జట్టు సిమ్రన్‌జీత్ సింగ్ మొదట పదహారు మందిలో లేడు, రిజర్వు ఆటగాడు. కోవిడ్ వల్ల రిజర్వుల్ని కూడా ఆడించుకునే వీలిచ్చారు. 2021 ఆగస్టు 5న జర్మనీ మీద 5-4తో కాంస్యం గెలిచిన మ్యాచ్‌లో రెండు గోల్స్ అతనివే. హామ్‌స్ట్రింగ్ సంగతికొస్తే హార్దిక్ సింగ్‌ని చూడు. 2023 జనవరిలో రూర్కెలాలో ఇంగ్లండ్ మీద ఆడుతూ పట్టేసింది, సొంతగడ్డ మీద జరుగుతున్న వరల్డ్ కప్ మధ్యలోనే పక్కకి తప్పించి రాజ్‌కుమార్ పాల్‌ని తీసుకున్నారు. తర్వాతి మ్యాచ్‌లకి ఎలాగోలా దించుదామా అన్న ఒత్తిడి ఎంత ఉండుంటుందో ఊహించుకో. అదే ఏడాది ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు, ఎఫ్ఐహెచ్ (అంతర్జాతీయ హాకీ సమాఖ్య) ఆ ఏడాది ఉత్తమ ఆటగాడూ అయ్యాడు. అందరికీ అలా జరుగుతుందని కాదు. టోక్యోలో మన అమ్మాయిల జట్టుకి కెప్టెన్‌గా చేసిన రాణీ రాంపాల్ హామ్‌స్ట్రింగ్ గాయం తర్వాత 2022 వరల్డ్ కప్‌కే లేదు, మళ్ళీ వచ్చినా పాత స్థానం నిలవలేదు. నీకు పద్దెనిమిదేళ్ళు, అది నీకు పెద్ద కలిసొచ్చే విషయం.

నొప్పి మాత్ర వేసుకుని ట్రయల్‌కి మాత్రం వెళ్ళకు. మాత్ర నొప్పిని ఆపుతుంది, తెగే పోగుని ఆపదు. ఎవరైనా "ఒక్క ఇంజెక్షన్‌తో సెట్ అయిపోతుంది" అంటే అది స్టెరాయిడా కాదా అని అడుగు. 2022 జనవరి నుంచి గ్లూకోకార్టికాయిడ్ (వాపు తగ్గించే స్టెరాయిడ్) ఇంజెక్షన్ ఏ రకమైనా సరే, పోటీ సమయంలో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలో ఉంది. నేషనల్స్‌లో డోప్ టెస్ట్ జరిగి అందులో దొరికితే టీమ్‌లో చోటు కాదు, ఆటే పోతుంది.

మన ఊళ్ళో ప్రతివాళ్ళూ ఇచ్చే సలహాలు కొన్నున్నాయి. బీచ్‌లో ఇసుక మీద పరిగెత్తు, కాలు గట్టిపడుతుంది అంటారు. ఇప్పుడు వద్దు, మెత్తటి ఇసుకలో అడుగు జారుతుంది, ఆ జారుడు ఆపడానికి పని చేసేది ఈ కండరమే. కొత్తలో నూనె రాసి గట్టిగా మర్దనా చెయ్యడం, కాపడం పెట్టడం కూడా వద్దు, లోపల నెత్తురు ఇంకా చిమ్ముతుంటే అది పెరుగుతుంది. అమ్మ సింహాచలం మెట్లెక్కుతావని మొక్కుకుని ఉంటే, నేషనల్స్ అయ్యాక తీర్చుకోవచ్చు, అప్పన్న ఏమీ అనుకోడు.

ట్రయల్‌కి ముందు నిన్ను నువ్వు చూసుకోవాల్సినవి చెప్తా. ఫిజియో నిన్ను బోర్లా పడుకోబెట్టి, మోకాలు కొంచెం మడిచి, మడమ మీద చెయ్యి పెట్టి "నా చేతిని నెట్టు" అంటారు. రెండు కాళ్ళూ దాదాపు సమానంగా నెట్టాలి. నాకైతే మొదట్లో ఎడమ కాలు నెట్టబోతే వణికేది, నొప్పి లేదు గానీ బలం రాదు, అది చూశాకే నమ్మకం కుదిరింది ఇంకా టైముందని. తర్వాత స్టిక్ పట్టుకుని వంగి స్ప్రింట్. బీప్ టెస్ట్ గానీ యో-యో గానీ (అటూ ఇటూ పరిగెత్తించే ఫిట్‌నెస్ పరీక్షలు) పెడితే ఇరవై మీటర్లకి ఆగి వెనక్కి తిరగాలి, ఆగేటప్పుడే తొడ చెప్పేస్తుంది. ఇవి చేసిన రోజు బాగుండటం కాదు, మర్నాడు పొద్దున్న మంచం దిగినప్పుడు ఎలా ఉందో చూడు. ఇంకోటి, మట్టి గ్రౌండ్‌లో బాగుందని టర్ఫ్‌కి (కృత్రిమ గడ్డి మైదానానికి) ఓకే అనుకోకు. కాకినాడ డీఎస్ఏ (జిల్లా స్పోర్ట్స్ అథారిటీ) గ్రౌండ్ లాంటి టర్ఫ్ మీద బూటు పట్టేస్తుంది, ఆట స్పీడు పెరుగుతుంది, ఆగడం తిరగడం అన్నీ ఎక్కువ బలంతో చెయ్యాలి. వీలైతే టర్ఫ్ మీద ఒకసారి చూసుకున్నాకే "రెడీ" అను.

ఇవన్నీ మూడో వారానికి సాఫీగా అయిపోతే, కోచ్ కూడా ఒప్పుకుంటే, ఆడు, నేనేమీ ఆపను. కొంతమందికి తొందరగా మానుతుంది.

ఇక సర్టిఫికెట్. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకి నేషనల్స్‌లో స్టేట్ తరఫున ఆడితే రాష్ట్ర సంఘం ఇచ్చేది ఫారం-2. క్యాంప్‌లో ఉన్నందుకు, స్టాండ్‌బైగా ఉన్నందుకు అది రాదు, ఆ భ్రమ పెట్టుకోకు. కానీ దారి అదొక్కటే కాదు. డిగ్రీలో చేరి యూనివర్సిటీ టీమ్‌కి ఆడి ఇంటర్ వర్సిటీకి వెళ్తే ఫారం-3 వస్తుంది, స్కూల్ నేషనల్స్‌కి ఫారం-4. ఇంట్లో వాళ్ళకి ఈ సంగతి చెప్పు, సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. జూనియర్ అంటే అండర్-19 కాబట్టి వచ్చే ఏడాది కూడా నీకు అర్హత ఉందో లేదో పుట్టిన తేదీ కటాఫ్ చూసుకో. ఉంటే ఈ ఏడాది రిస్క్ తీసుకోవాల్సిన అవసరమే లేదు. లేకపోతే మళ్ళీ ఇక్కడే రాయి, సీనియర్ క్యాంప్‌కి ఎలా వెళ్ళాలో నాకు తెలిసింది చెప్తా.