స్పీకరు వెనక రాసింది చదివాకే యాంప్లిఫయర్ కొనండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా దగ్గర ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లున్నాయి. వెనక ‘6 ఓమ్‌లు, 86 డెసిబెల్, 20–100 వాట్లు’ అని రాసి ఉంది. గది 12 అడుగులు, 14 అడుగులు. ఎనిమిది వేల లోపు స్టీరియో యాంప్లిఫయర్ కావాలి. 100 వాట్ల స్పీకర్లకి 200 వాట్ల యాంప్లిఫయర్ ఉండాల్సిందేనని షాపులో అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: కాదండి. మీ గదికి ఒక్కో ఛానెల్‌కి, అంటే ఒక్కో స్పీకరు పక్కకి, 25 నుంచి 40 అసలైన వాట్లు చాలు. స్పీకరు మీద ఉన్న 100 అది తట్టుకోగల గరిష్ఠం, దానికి కావలసిన మోతాదు కాదు. మీరు చూడాల్సిన అంకె 86.

డెసిబెల్ అంటే శబ్దం తీవ్రతకి కొలత. ఒక వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే 86 డెసిబెల్ వస్తుందని దాని అర్థం. మీరు పది అడుగుల దూరంలో కూర్చుంటే, దూరం వల్ల తొమ్మిదిన్నర డెసిబెల్ దాకా పోతుంది. రెండో స్పీకరు వల్ల మూడు, గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం వల్ల మరో రెండు మూడు కలుస్తాయి. అంటే ఒక్కో స్పీకరుకి ఒకే ఒక్క వాటు అందితే మీ చెవి దగ్గర సుమారు 82 డెసిబెల్. పక్కగదిలోంచి ‘కాస్త తగ్గించండి’ అని కేక వినిపించే స్థాయి అది. అయితే మృదంగం మీదో డప్పు మీదో దెబ్బ పడిన క్షణంలో సగటు కంటే పది పదమూడు డెసిబెల్ ఎక్కువ కావాలి. పది డెసిబెల్ పెరగాలంటే వాట్లు పది రెట్లు, పదమూడుకి ఇరవై రెట్లు. ఇరవై వాట్లకి మీ అవసరం తీరిపోయింది, ఆపైన ఉన్నది వెసులుబాటు. అదే లెక్కన 100 నుంచి 200కి వెళ్తే పెరిగేది మూడు డెసిబెల్ మాత్రమే. చెవికి ‘కొంచెం పెరిగింది’ అనిపిస్తుంది, అంతే. దానికోసం రెట్టింపు డబ్బు పెట్టొద్దు.

ఒక చిక్కుంది. కొన్ని కంపెనీలు ఒక వాటు దగ్గర కాకుండా 2.83 వోల్టుల దగ్గర కొలిచి డెసిబెల్ రాస్తాయి. ఓమ్‌లంటే స్పీకరు కరెంటుకిచ్చే అడ్డు. 8 ఓమ్‌ల స్పీకరులో 2.83 వోల్టులంటే సరిగ్గా ఒక వాటు, 4 ఓమ్‌లలో రెండు వాట్లు. కాబట్టి 4 ఓమ్‌ల స్పీకరుకి ఈ పద్ధతిలో 88 అని రాస్తే దాన్ని 85గా తీసుకోవాలి. మీ 6 ఓమ్‌లకి తేడా ఒకటింపావు డెసిబెల్, పట్టించుకోనక్కర్లేదు.

యాంప్లిఫయర్ డబ్బా మీద ‘పీఎంపీఓ’ (క్షణకాలపు గరిష్ఠ వాట్లంటూ గొప్పకి రాసేది) అంకె ఎంత పెద్దదైనా వదిలేయండి. ‘ఆర్‌ఎంఎస్’ (నిలకడగా ఇచ్చే వాట్లు) ఎంత, ఎన్ని ఓమ్‌ల దగ్గర, ఎంత డిస్టార్షన్‌తో (శబ్దం వికృతి) అని అడగండి. 10 శాతం డిస్టార్షన్ దగ్గర చెప్పిన 50 వాట్లు, 1 శాతం దగ్గర సుమారు 40కి దిగుతాయి. మీ స్పీకర్లు 6 ఓమ్‌లవి కనుక ‘కనీసం 8 ఓమ్‌లు’ అని రాసి ఉన్నది మీరు తీసుకోకూడదు, ‘4–8 ఓమ్‌లు’ అని ఉండాలి.

మీ డబ్బుకి టీపీఏ3116 చిప్‌తో చేసిన చిన్న క్లాస్-డి (తక్కువ వేడితో నడిచే స్విచింగ్ రకం) యాంప్లిఫయర్, 24 వోల్టుల 5 ఆంపియర్ల అడాప్టరుతో కలిపి తీసుకోండి. 6 ఓమ్‌లలో నలభై దాకా శుభ్రమైన వాట్లు వస్తాయి. టీపీఏ3255 చిప్ ఉన్నవి ఇంకా బలమైనవే కానీ మీ గదిలో ఆ బలం వాడుకోలేరు. ఆ డబ్బు మంచి రాగి వైరుకి, స్పీకర్లని చెవి ఎత్తుకి తెచ్చే స్టాండ్లకి పెట్టండి. ఐదు మీటర్ల దూరానికి 1 చదరపు మిల్లీమీటరు వైరు చాలు, 1.5 అయితే మరీ మంచిది.

చిన్న యాంప్లిఫయర్‌తో ప్రమాదం ఒక్కటే. శబ్దం బొంగురుపోతున్నా వాల్యూం తిప్పుతూ పోతే సిగ్నల్ అలల తలలు తెగిపోతాయి. అలా తెగిన చోట పుట్టే హెచ్చు స్వరాలన్నీ ట్వీటరుకే (హెచ్చు స్వరాలు పలికే చిన్న స్పీకరు) వెళ్తాయి. దాని సన్నటి కాయిల్ కాలిపోతుంది. శబ్దం పగిలినట్టు వినిపించగానే వాల్యూం రెండు గీతలు వెనక్కి తిప్పండి.

ప్రశ్న: టీపీఏ3116 బోర్డు తెప్పించి 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టరు పెట్టాను. స్పీకర్లు 8 ఓమ్‌లవి. బాస్ వచ్చినప్పుడల్లా శబ్దం తెగుతోంది. వైరు చాలక రెండు స్పీకర్ల నల్ల తీగల్ని ఒకటిగా కలిపితే అసలు పలకడమే మానేసింది. బోర్డు పోయిందా?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: పోయి ఉండకపోవచ్చు. ముందు ఆ నల్ల తీగల్ని విడదీయండి. ఈ చిప్‌లో నల్ల టెర్మినల్ గ్రౌండ్ (సున్నా వోల్టుల ఉమ్మడి తీగ) కాదు. ఎరుపూ నలుపూ రెండూ చిప్ నుంచే నడుస్తాయి. రెండు ఛానెళ్ల నలుపుల్ని కలిపితే ఒకదానితో ఒకటి షార్ట్ అయి చిప్ రక్షణ కోసం తనంతట తనే ఆగిపోతుంది. స్పీకరుకి రెండు చొప్పున విడివిడిగా నాలుగు తీగలు వేసి, కరెంటు తీసి ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి.

బాస్ తెగడానికి కారణం అడాప్టరు. 12 వోల్టులతో 8 ఓమ్‌లలో వచ్చేది లెక్క ప్రకారమే 9 వాట్లు. మల్టీమీటరుని 20 వోల్టుల డీసీ మీద పెట్టి, పాట మోగుతుండగా బోర్డు ఇన్‌పుట్ దగ్గర చూడండి. బాస్ పడినప్పుడల్లా 12 కాస్తా 10కి జారుతుంటే దోషం అక్కడే. ల్యాప్‌టాప్‌ల 19 వోల్టుల 4.74 ఆంపియర్ల పాత అడాప్టరు దొరికితే 20 వాట్ల దాకా వస్తాయి. బోర్డు పిన్ను 2.1 మిల్లీమీటర్లది, ప్లగ్గు రంధ్రం 2.5ది అయితే ఎక్కుతుంది కానీ వదులుగా ఉండి కదిలినప్పుడల్లా తెగుతుంది. దాన్నీ కొలుచుకోండి.

24 వోల్టులు పెట్టే ముందు బోర్డు మీది పెద్ద కెపాసిటర్ల ఒంటి మీద రాసింది చదవండి. చవక బోర్డుల్లో ‘25వి’ ఉంటుంది. 24 వోల్టులకి అది అంచున నడుస్తూ వేసవిలో ఉబ్బుతుంది. ‘35వి’ వేయించండి. చిప్ పరిమితి 26 వోల్టులు, దాటొద్దు.

తీగలు మళ్లీ కలిపాక బాస్ పల్చగా వినిపిస్తే ఒక స్పీకరుకి ఎరుపు నలుపు తారుమారయ్యాయన్నమాట. తీగల్ని బోర్డు నుంచి తీసి 1.5 వోల్టుల గడియారం సెల్లు ప్లస్‌ని ఎరుపుకి, మైనస్‌ని నలుపుకి ఒక్క క్షణం తాకించండి. రెండు స్పీకర్ల కోనులూ (ముందు కదిలే గరాటు పొరలు) బయటికే రావాలి.

ప్రశ్న: మా పాత ట్రాన్స్‌ఫార్మర్ యాంప్లిఫయర్ సాయంత్రాలు నీరసంగా పలుకుతుంది. టీవీ కలిపితే ‘గుయ్’మని హమ్ వస్తుంది.
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: రెండూ వేర్వేరు సంగతులమ్మా. సాయంత్రం ఇంట్లో కరెంటు 230 నుంచి 170 వోల్టులకి పడితే ట్రాన్స్‌ఫార్మర్ లోపలి వోల్టేజీ కూడా అదే నిష్పత్తిలో పడుతుంది. వాట్లు మాత్రం వర్గం లెక్కన దిగి 55 శాతమే మిగులుతాయి. స్టెబిలైజరు పెట్టుకోండి. ‘100–240 వోల్టులు’ అని రాసిన అడాప్టరుతో నడిచే కొత్త యాంప్లిఫయర్లకి ఈ బాధ లేదు.

హమ్ సంగతికి, సెట్‌టాప్ బాక్సు వెనక నుంచి కేబుల్ వైరు పీకి చూడండి. ఆగిపోతే గ్రౌండ్ లూప్, అంటే పరికరాల గ్రౌండ్‌ల మధ్య తిరిగే కరెంటు. టీవీ ఆప్టికల్ అవుట్‌పుట్ నుంచి చిన్న డిజిటల్ కన్వర్టరు ద్వారా యాంప్లిఫయర్‌కి కలపండి. ఆప్టికల్ తీగలో విద్యుత్తు ఉండదు కనుక హమ్ దాటి రాలేదు. టీవీ సెట్టింగుల్లో ఆడియోని ‘పీసీఎం’కి (కుదించని మామూలు డిజిటల్ శబ్దం) మార్చడం మరిచిపోవద్దు, లేకపోతే ఏమీ వినబడదు. హమ్ పోవడానికని ఎర్త్ పిన్ను మాత్రం తీసేయకండి, ప్రాణాల మీదికొస్తుంది.

మీది సముద్రపు గాలి తగిలే ఊరు. ఏడాదికోసారి స్పీకరు తీగల నల్లబడిన కొసలు అరంగుళం కత్తిరించి కొత్త రాగి బిగించండి.

ప్రశ్న: ఒకే స్టీరియో యాంప్లిఫయర్‌కి నాలుగు 8 ఓమ్‌ల స్పీకర్లు కలపొచ్చా?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: ఛానెల్‌కి రెండేసి ప్యారలల్‌గా (ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు) కలిపితే 4 ఓమ్‌లవుతుంది. వెనక ‘4 ఓమ్‌లు’ అని ఉంటే కలపండి, ‘8’ మాత్రమే ఉంటే వద్దు.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ యాంప్లిఫయర్ కొనేముందు షాపులోనే ఏం చూడాలి?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: మల్టీమీటరు వెంట తీసుకెళ్లండి. స్పీకర్లు కలపకుండా, వాల్యూం సున్నాలో పెట్టి ఆన్ చేయించండి. ఐదు నిమిషాలయ్యాక ఒక్కో ఛానెల్ ఎరుపు–నలుపు టెర్మినళ్ల మధ్య డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపుంటే బాగుంది. 100 దాటితే అనుమానించాలి. వోల్టుల్లో చూపిస్తే అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు పోయినట్టే, అది మీ స్పీకరుని కూడా కాల్చేస్తుంది. టీపీఏ3116 లాంటి చిప్‌లున్న క్లాస్-డి యాంప్లిఫయర్లలో ఏ టెర్మినల్‌నైనా బాడీతో కలిపి కొలిస్తే సప్లైలో సగం వోల్టులు కనిపిస్తాయి. అది దోషం కాదు, కొలవాల్సింది రెండు టెర్మినళ్ల మధ్యనే. ఆ తర్వాత పాట పెట్టి వాల్యూం నాబ్ మొత్తం తిప్పండి. బరబరమంటే కాంటాక్ట్ క్లీనరుతో బాగవుతుంది, ఆ వంకన ధర తగ్గించమని అడగొచ్చు. ఒక పక్క శబ్దం మధ్యమధ్యలో మాయమవుతుంటే మాత్రం రిలే (స్పీకరుని కలిపే లోపలి స్విచ్చి) మార్పించాల్సి రావచ్చు, ఆ ఖర్చు తీసేసి బేరమాడండి.