గుర్రుమన్నప్పుడు కొట్టకు

చిరంజీవి శ్రీనుకు పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే నెల మీ ఇంటికి కుక్కపిల్ల వస్తోందని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. వీధిలో కుక్క ఎదురైతే నా కొంగు వెనక దాక్కునేవాడివి. అలాంటివాడివి కూతురు అడిగిందని ఒక మూగజీవిని పెంచడానికి సిద్ధపడ్డావంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ ఫోను పెట్టేసిన దగ్గర నుంచి మనసు మనసులో లేదు. మియాపూర్‌లో మీది చిన్న ఫ్లాటు, పాపకు నాలుగేళ్లు. ఎదిగిన కుక్క నోటికి ఆ వయసు పిల్లల ముఖం సరిగ్గా అందుతుంది. నా భయమంతా అక్కడే ఉంది.

అమ్మే అతను నలభై రోజుల పిల్లను ఇస్తానన్నాడట. వద్దని చెప్పు. ఎనిమిది వారాలు నిండనిదే అమ్మకూడదని 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల్లోనే ఉంది. నిబంధన లేకపోయినా నేను ఇదే చెప్పేదాన్ని. తోటి పిల్లలతో కలబడి ఆడుతూ ఒకటి గట్టిగా కొరికితే, రెండోది కుయ్యిమని అరిచి ఆట మానేస్తుంది. ఎంత నొక్కితే ఎదుటివాళ్లకు నొప్పో దానికి తెలిసేది అప్పుడే. ఆ చదువు మధ్యలో మాన్పించి తెచ్చుకుంటే, మిగిలిన పాఠం మీ చేతుల మీద నేర్చుకుంటుంది.

ఎన్ని వారాలకు తెచ్చినా కొరకడం మాత్రం కొరుకుతుంది. దాని 28 పాలపళ్లూ సూదుల్లా ఉంటాయి. నాలుగో నెల ప్రాంతంలో అవి ఊడడం మొదలై, ఆరేడు నెలలకల్లా 42 గట్టి పళ్లు వస్తాయి. ఇల్లు ఊడుస్తుంటే బియ్యపు గింజంత పన్ను చీపురుకు తగిలితే కంగారుపడకండి. ఆ రోజుల్లో చిగుళ్లు సలిపి, దొరికిందల్లా నములుతుంది. చెప్పులు అరలో పెట్టి తలుపు వేయండి. ఛార్జరు తీగ ఒక్కటి కూడా నేల మీద ఉండకూడదు. పాత తువ్వాలు తడిపి మెలిపెట్టి, ఫ్రీజరులో గట్టిపడ్డాక ఇచ్చి, పక్కనే కూర్చో. బిర్యానీ ఎముకలు మాత్రం ఎవరు ముచ్చటపడినా వేయనివ్వకు. ఉడికిన ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. కిస్మిస్ కుక్కలకు విషం, పాయసం గిన్నెలు దానికి అందనీయకండి.

చేయి పట్టుకుంటే వెనక్కి లాక్కోకు, లాగితే దానికి అది ఆట. చేయి కదపకుండా ఉంచి, విడవగానే మాట్లాడకుండా లేచి పక్కకు తిరుగు. అర నిమిషం ఆగి నమిలే బొమ్మ అందించు. ఇంట్లో అందరూ ఇలాగే చేయాలి. మీ నాన్నగారు చేతులతో ఆడిస్తూ, నువ్వు వద్దంటూ ఉంటే అదేం నేర్చుకుంటుంది? పాపకు కూడా చెప్పు, మీదకు వస్తే పరుగెత్తకూడదు, చేతులు కట్టుకుని చెట్టులా నిలబడాలి. సాయంత్రం పూట వెర్రెత్తినట్టు కొరుకుతోందంటే చాలాసార్లు నిద్ర చాలకనే. రోజుకు 18 గంటలు పడుకునే పసిది, దాని మూలకు పంపి పడుకోనివ్వు.

ఇంతవరకు ఎవరైనా చెబుతారు. ఇకపై రాసేది ఇన్నేళ్లలో నేను ఎవరికీ చెప్పనిది.

1989లో మేము లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మీ పెదనాన్న ఒక వాన రాత్రి గోధుమరంగు పిల్లను సంచిలో వేసుకుని తెచ్చారు. రాజు అని పేరు పెట్టాం. ఒక చెవి నిలబడేది, ఒకటి వాలిపోయేది. కొరికినప్పుడల్లా పేపరు చుట్టి మూతి మీద కొట్టేదాన్ని. అన్నం గిన్నె దగ్గరకు వెళితే గుర్రుమనేది, అప్పుడు ఇంకో రెండు వేసేదాన్ని. మొదట్లోనే అణచాలని చుట్టుపక్కలవాళ్లు చెప్పారు, నేను నమ్మాను. రెండు నెలల్లో గుర్రుమనడం మానేసింది. ఎంత బుద్ధిగా ఉందో చూడండని అందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

ఒక మధ్యాహ్నం అది తింటోంది. మా రవి బంతి దొర్లి గిన్నె పక్కకు వెళ్లింది, వాడు వంగాడు. నేను వంటింటి గుమ్మంలో చేటతో బియ్యం చెరుగుతున్నాను. రాజు తినడం ఆపింది. తల గిన్నెలోనే ఉంది, ఒళ్లు కొయ్యలా బిగిసింది, ఓరగా చూస్తున్న కంట్లో తెల్లగుడ్డు కనిపించింది. అంతా చూశాను శ్రీనూ. చప్పుడు చేయలేదు కదా అని చెరుగుతూనే ఉన్నాను.

రవి అన్న ఎడమ కంటి కింద గీత మెట్ల మీద పడితే వచ్చింది కాదు. కుక్కకాటు టీకాలు వేసే ప్రభుత్వ సంస్థ నారాయణగూడ ఐపీఎంకు తీసుకెళ్లి, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించాం. రోజూ వాడు ఏడ్చేవాడు, నేను చేతులు పట్టుకునేదాన్ని. రాజును శామీర్‌పేట వైపు ఒక తోటవాళ్లకు ఇచ్చేశాం. ఆటోలో దారి పొడవునా నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. అది చెడ్డ కుక్క అని అందరూ అన్నారు, నేనూ ఊరుకున్నాను. నెలల తరబడి అది నోరు విప్పి చెప్పింది, దగ్గరకు రావద్దని. ఆ నోరు నేనే మూయించాను.

కాబట్టి మీది ఎప్పుడైనా గుర్రుమంటే చేయెత్తకు, అరవకు. ముందు పాపను పక్కకు తీసుకెళ్లు. తర్వాత దానికి ఏది నచ్చలేదో ఆలోచించు. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు పాప ముట్టకూడదు. నోట్లో నీ సాక్సు ఉన్నా గుంజుకోకు, మంచి తినుబండారం చూపించి మార్చుకో. ఇద్దరినీ ఒక గదిలో వదిలి నువ్వు స్నానానికి కూడా వెళ్లకు. ఇది బతిమాలి చెబుతున్నాను.

మూడు నెలలు నిండగానే దానికి రేబిస్ టీకా వేయించు. ఈలోగా పంటి గాటు పడితే పసుపూ కారమూ పెట్టకండి. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఇప్పుడు బొడ్డు చుట్టూ పొడవరు, చేతికే వేస్తారు.

పాత తువ్వాళ్లు ఆరు ఉతికి మడత పెట్టాను, ఆదివారం వచ్చి తీసుకెళ్లు. ఈ ఉత్తరం రవి అన్నకు చూపించు. వాడి ముఖం చూస్తూ చెప్పడం నా వల్ల కాలేదు.

ఇట్లు,
మీ పెద్దమ్మ