ముందు టీచర్, తర్వాతే దేశం

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. వయొలిన్ చదువుకి విదేశం వెళ్ళాలా వద్దా అని అడిగావు. నువ్వు రాసిన జాబితాలో ఏడు కాలేజీల పేర్లున్నాయి, ఒక్క టీచర్ పేరు లేదు. నాకు గుబులు అక్కడే పట్టుకుంది.

సంగీతంలో థియరీ, చరిత్ర అందరితో కలిసి కూర్చుని నేర్చుకుంటావు. వాయిద్యం మాత్రం వారానికి ఒక గంట, ఒక గదిలో, ఒక్క మనిషి ముందు నేర్చుకునేది. మూడు నాలుగేళ్ళు ఆ మనిషి మాటే నీ చెవిలో ఉంటుంది. వాళ్ళతో పొసగకపోతే కాలేజీకి ఎంత పేరున్నా నీకు ఒరిగేదేమీ ఉండదమ్మా.

నేను కాలేజీ పేరు చూసే విదేశం వెళ్ళాను. చేరాక తెలిసింది, నాకు కేటాయించిన టీచర్ ఏడాదిలో సగం రోజులు కచేరీ టూర్లలోనే ఉంటారని. ఆయన లేని వారాల్లో అసిస్టెంట్ పాఠం చెప్పేవాడు. బో, అంటే వయొలిన్ వాయించే కమాను, పట్టుకోవడం గురించి ఇద్దరిదీ చెరో మాట. ఒక సంవత్సరం అలా పోయింది. ఆ సంవత్సరం తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

రెండో ఏడు ఇంకొకావిడ దగ్గరికి మారాను. ఆవిడ మూడు వారాలు నన్ను ఓపెన్ స్ట్రింగ్స్, అంటే ఎడమ చేతి వేళ్ళు నొక్కకుండా ఉత్త తీగలు, తప్ప ఇంకేమీ వాయించనివ్వలేదు. బో మొదలు నుంచి కొస దాకా, మళ్ళీ కొస నుంచి మొదలు దాకా. పక్కనే నిలబడి నా కుడి మోచేతి కింద రెండు వేళ్ళు ఆనించి, చేతి బరువు ఎక్కడ ఆగిపోతోందో చూపించేవారు. మూడో వారం చివర్లో జి తీగ మోగిన తీరుకి ఉలిక్కిపడ్డాను. పన్నెండేళ్ళుగా వాయిస్తున్న నా వయొలిన్‌లో అంత నాదం ఉందని నాకే తెలీదు. అంత దూరం వెళ్ళినందుకు నాకు దక్కింది ఆ మోచేతి పాఠమే.

అందుకే అప్లికేషన్ నింపే ముందు టీచర్లకు రాయి. నాలుగు వాక్యాలు చాలు. ఎడిటింగ్ చెయ్యని వీడియో జతచెయ్యి, అందులో బాఖ్ ఒంటరి వయొలిన్‌కి రాసిన సోలో ఒకటి, కాన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) నుంచి ఒక మూవ్‌మెంట్, అంటే ఒక భాగం, ఉండాలి. ఒక ట్రయల్ లెసన్ ఇస్తారా అని అడుగు. మొహమాటపడకు, జర్మనీ, ఆస్ట్రియాల్లో ఇది మామూలు విషయమే. కుదిరితే వేసవి కోర్సులో ఎదురుగా కూర్చుని నేర్చుకో, ఆన్‌లైన్‌లో నాదం సరిగ్గా వినపడదు. పాఠం అయ్యాక నీకు వెంటనే వయొలిన్ తీయాలనిపించిందా, లేక రెండు రోజులు కేసు తెరవబుద్ధి కాలేదా? అది గమనించుకో. ఆ టీచర్ దగ్గర చదువుతున్న పిల్లల్ని కూడా పలకరించి, ఏడాదిలో నిజంగా ఎన్ని పాఠాలు జరుగుతాయో కనుక్కో. నేను కనుక్కోలేదు.

డబ్బు సంగతి. జర్మనీలో ప్రభుత్వ సంగీత విశ్వవిద్యాలయాలు చాలావరకు ట్యూషన్ ఫీజు తీసుకోవు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళకు 2017 నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు పెట్టారు. అయితే ఉండే ఖర్చు నీదే, జర్మన్ భాషా రావాలి. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత కాలేజీ 1928 నుంచి ఎవరి దగ్గరా ట్యూషన్ తీసుకోవడం లేదు, కానీ చేర్చుకునేది కొద్దిమందినే. స్కాలర్‌షిప్ రాకుండా పెద్ద అప్పు మీద బ్యాచిలర్స్‌కి వెళ్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. చాలా ఆర్కెస్ట్రాలు ఉద్యోగం ఆడిషన్ మొదటి రౌండ్లు తెర చాటున పెడతాయి. వినేవాళ్ళకి నీ మొహం కనపడదు, నీ డిగ్రీ అసలే కనపడదు. అప్పు వాయిదా మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

ఇంకో మాట. ఇప్పుడు నీకు నేర్పుతున్న టీచర్ దగ్గర నేర్చుకోవాల్సింది అయిపోయిందా? ఇంకా ఉందనిపిస్తే ఒక ఏడాది ఆగు. బ్రిటన్ కన్సర్వేటరీలకు, అంటే సంగీత కాలేజీలకు, అప్లికేషన్ గడువు అక్టోబర్ మొదట్లోనే, అమెరికాలో చాలావాటికి డిసెంబర్ 1. ఆ తేదీల టెన్షన్‌లో సగమే సాధన చేసిన పీసుల్ని రికార్డు చేసి పంపకు.

ఈ వారంలో ముగ్గురు టీచర్ల పేర్లు రాసుకో. వాళ్ళకు పంపబోయే ఉత్తరం, వీడియో ముందు నాకు పంపు, విని చెబుతాను.

మీ మామయ్య