చెడిన శబ్దాలతో పాట కడుతున్న మేనల్లుడికి

ఒరేయ్ నాన్నా,

గ్లిచ్ శబ్దాలతో, అంటే యంత్రాలు తడబడినప్పుడు వచ్చే చప్పుళ్లతో, ఆల్బమ్ చేస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ముందు గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక బెంగ పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

సాఫ్ట్‌వేర్ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. వింత శబ్దం వినిపించాక రికార్డ్ నొక్కుదామని చూడకు, మొదటి నుంచే నడవనీ. బొమ్మ కీబోర్డు విప్పి సర్క్యూట్‌లో వైర్లు కలపాలనుకుంటే బ్యాటరీతో నడిచేదే తీసుకో. కరెంటు ప్లగ్గులో పెట్టే దాని మూత విప్పావో, ఊరుకోను.

ఇక నీ చెవులు. స్టూడియోలో నాతో ఒక కుర్రాడు పనిచేసేవాడు, అచ్చం నీలాగే ఆగలేని రకం. ఒక జేపెగ్ ఫోటో ఫైల్లోని అంకెలనే శబ్దంగా చదివేలా ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ప్లే నొక్కాడు. జేపెగ్‌లా కంప్రెస్ చేసిన, అంటే కుదించిన, డేటాను శబ్దంగా చదివితే అంకెలు ఆ చివర నుంచి ఈ చివరకు ఎగిరిపడతాయి. అంటే మొదటి క్షణం నుంచే దాదాపు ఫుల్ లెవెల్లో హోరు. హెడ్‌ఫోన్స్ లాగి పారేశాడు గానీ, చెవిలో మొదలైన కూత మాత్రం ఆగలేదు. కొన్నాళ్లకు మిక్సింగ్ మానేశాడు. అంత మంచి చెవి మళ్లీ నేను చూడలేదురా. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. కొత్త ఫైల్ తెరవగానే ముందు వేవ్‌ఫామ్, అంటే శబ్దం గీతగా కనిపించే బొమ్మ, చూడు. అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ మీద, శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ పెట్టు, వాల్యూమ్ బాగా తగ్గించు, మొదటిసారి స్పీకర్లలోనే విను. విసుక్కోకు, చెప్పింది చెయ్యి.

ఫోటోలే కావాలంటే కంప్రెస్ చేయని గ్రేస్కేల్ (నలుపు తెలుపు) బొమ్మ తీసుకో. 441 పిక్సెళ్ల వెడల్పు, పిక్సెల్‌కు ఒక బైటు అనుకో. 8 బిట్, 44,100 శాంపిల్ రేటుతో, అంటే సెకనుకు 44,100 బైట్లు చదివేలా, తెరిస్తే సెకనుకు 100 వరసలు దాటతాయి. పక్కపక్క వరసలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి 100 హెర్ట్జ్ దగ్గర ఒక శ్రుతి నిలబడుతుంది. ఆకాశం నుంచి చెట్ల కొమ్మల్లోకి దిగేసరికి ఆ శ్రుతి గరగరలాడుతుంది. ఎంత బాగుంటుందో!

జపాన్‌లో పుట్టిన యసునావో తోనే అనే కళాకారుడు 1980ల్లో సీడీ అడుగున సన్నటి బెజ్జాలు పొడిచిన టేపు అతికించి, ప్లేయర్‌లో చదవలేని చోట్లను సరిదిద్దే ఎర్రర్ కరెక్షన్‌ను తికమకపెట్టాడు. 1990ల్లో జర్మనీలో ఓవల్ బృందం తడబడే సీడీల ముక్కలను ఏరి, లూపులుగా పేర్చి మెత్తటి సంగీతం చేసింది. తడబడటం ప్లేయర్ పని, ఏ ముక్క ఉంచాలో తేల్చింది వాళ్ల చెవి. నీ ట్రాక్‌లో కూడా ప్రతి క్లిక్కూ ఉంచెయ్యకు. నడక కుదిరాక ఒక్కటి తప్పితే ఒళ్లు ఝల్లుమంటుంది, అన్నీ తప్పితే ఎవరికీ ఏమీ తెలియదు.

రాత్రుళ్లు మరీ మేలుకోకు, అలసిన చెవికి అన్నీ బాగున్నట్టే ఉంటాయి. మొదటి ట్రాక్ నాకు పంపు. తీసేసిన ముక్కలు కూడా విడిగా పంపు, వాటిలో ఏదైనా వెనక్కి తెచ్చుకోవాల్సింది ఉందేమో చూస్తాను.

మీ అత్త