ఇస్తాంబుల్ మీద వ్యాసం రాసిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది, తప్పుల్లేవు. కానీ చదివాక నాకు ఊరూ కనపడలేదు, నువ్వూ కనపడలేదు. ‘తూర్పు పడమరల వారధి’ అని మూడుచోట్ల రాశావు. టర్కీ వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ రాసే మాటే అది. కొట్టెయ్.

నువ్వు నిలబడ్డ అసలు వారధి గలాటా వంతెన. వచ్చిన రోజు ఫోన్లో ఎంత చెప్పావు! గాలాలు వేసుకుని వరసగా నిలబడ్డ మనుషులు, ప్లాస్టిక్ బకెట్లో కొట్టుకుంటున్న చిన్నచిన్న చేపలు, ఫెర్రీ హారన్‌కి ఉలిక్కిపడి టీ ఒలకబోసుకోవడం. అదేదీ వ్యాసంలో లేదు. దాని బదులు, ఆ ఊరికి మొట్టమొదటి పేరైన బైజాంటియం నుంచి నేటి టర్కీని స్థాపించిన అతాతుర్క్ దాకా 2600 ఏళ్లనూ ఒక్క పేరాలో పరిగెత్తించావు.

నేనూ ఆ పని చేసినవాణ్ణేలే. మొదటిసారి ఆ ఊరు చూసొచ్చి ఓ వారపత్రికకి పంపితే, ఎడిటర్ గారు తిప్పి పంపారు. మార్జిన్లో పెన్సిల్‌తో ఒకే ముక్క: ‘ఇంతకీ మీరు వెళ్లారా?’ రెండు రోజులు ఒళ్లు మండింది. మూడో రోజు కూర్చుని, అక్కడ నేను ఎక్కువసేపు నిలబడ్డ చోటేదో గుర్తుచేసుకున్నాను.

ఒకప్పటి చర్చి హేగియా సోఫియా పై వసారాలో పాలరాతి పిట్టగోడ ఒకటుంది. దానిమీద ఎవరో గీకిన గీతలు. ఉత్తర ఐరోపా వాళ్ల పాత రూన్ లిపి అది. అరిగిపోగా ఇప్పుడు చదవడానికి మిగిలింది ‘హాఫ్‌డాన్’ అన్న పేరొక్కటే. అంత దూరం నుంచి వచ్చి ఇక్కడి చక్రవర్తి కొలువులో కాపలా కాసిన నార్స్ సైనికుడై ఉంటాడు. కింద గంటల తరబడి గ్రీకులో ప్రార్థన. వీడికి ముక్క అర్థమై ఉండదు. బోర్ కొట్టి కత్తి తీసుంటాడని నా ఊహ. గోల్కొండ గోడల మీద పేర్లు చెక్కే మన కుర్రాళ్లకి తాత!

ఆ పిట్టగోడ దగ్గర నిలబడి పైకి చూస్తే కథ దానంతటదే వస్తుంది. ఆరేళ్లు కూడా పట్టకుండా 537లో పూర్తయిన కట్టడం. 558లో గుమ్మటం కూలితే, ఇంకాస్త ఎత్తుగా మళ్లీ కట్టారు. చర్చి 1453లో మసీదైంది, 1935లో మ్యూజియం, 2020లో మళ్లీ మసీదు. ఇవన్నీ నీ వ్యాసంలోనూ ఉన్నాయి, కాకపోతే రైల్వే టైంటేబుల్లా ఉన్నాయి.

అన్నట్టు, ఒక పొరపాటు. ‘1453లో కాన్‌స్టాంటినోపుల్ పేరు ఇస్తాంబుల్‌గా మారింది’ అని రాశావు. అలా జరగలేదు. ఆ ఏడు ఊరిని గెలుచుకున్న ఒట్టోమన్ సుల్తానుల నాణేల మీద ఆ తర్వాత కూడా ‘కోస్తాంతినియ్యె’ అనే ఉండేది. బయటి దేశాలు ఇస్తాంబుల్ అనే పిలవాలని టర్కీ గట్టిగా అడిగింది 1930లో. జనం నోట్లో మాత్రం రెండు పేర్లూ ఎప్పట్నుంచో ఉన్నాయి.

మాటల సంగతి వచ్చింది కాబట్టి, టర్కిష్‌లో చరిత్రని ‘తారిహ్’ అంటారు. మన తారీఖే అది. అక్కడ తేదీకీ చరిత్రకీ ఒకటే మాట. నువ్వు మొదటి అర్థం దగ్గరే ఆగిపోయావు.

చివర్లో హైదరాబాద్‌కి ముడి పెట్టాలని చార్మినార్‌ని లాక్కొచ్చావు. అతకలేదు. అసలు ముడి నువ్వు రోజూ బస్సు దిగే చోటే ఉంది. నిలోఫర్ ఆసుపత్రి ఎవరి పేరనుకున్నావు? ఆవిడ 1916లో ఇస్తాంబుల్లో పుట్టిన ఒట్టోమన్ రాకుమారి. ఎనిమిదేళ్ల వయసులో, 1924లో, రాజవంశాన్నంతా దేశం నుంచి వెళ్లగొట్టారు. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో నిజాం రెండో కొడుకుతో పెళ్లయి మన ఊరొచ్చింది. ఇది వేరే వ్యాసం, దీన్లో ఇరికించకు.

రెండు పేజీలు దాటకుండా మళ్లీ రాసి పంపు. ఒలికిన టీతో మొదలుపెట్టు.

ఉంటాను.